కొత్త ఫేస్‌బుక్, ఇన్‌స్టా అకౌంటు: మొదటి ఫోటో పెట్టేముందు ఒక గంట

కొత్త అకౌంటు ఓపెన్ చెయ్యడానికి రెండు నిమిషాలు చాలు. పేరు, పుట్టినరోజు, ఫోన్ నెంబరు, ఓటీపీ, అంతే. ఆ వెంటనే యాప్ ఒకదాని తర్వాత ఒకటి అడగడం మొదలుపెడుతుంది. కాంటాక్ట్స్ చూడనివ్వమంటుంది, లొకేషన్ ఇమ్మంటుంది, ఫోటో పెట్టమంటుంది, వీళ్లు మీకు తెలుసేమో చూడమంటుంది. ఆ ఊపులో అన్నిటికీ అలౌ, నెక్స్ట్ నొక్కుకుంటూ పోతాం. సెట్టింగ్స్ సంగతి తీరిగ్గా చూసుకుందాం అనుకుంటాం. ఇబ్బంది ఏమిటంటే, ఒకసారి బయటివాళ్లు కాపీ చేసుకున్న ఫ్రెండ్స్ లిస్టు గానీ, ఒకసారి స్క్రీన్‌షాట్ తీసుకున్న ఫోటో గానీ తర్వాత సెట్టింగ్ మార్చినంత మాత్రాన వెనక్కి రావు. అందుకే వరస ముఖ్యం. ముందు తాళాలు వెయ్యాలి, తర్వాత మనుషుల్ని చేర్చుకోవాలి, ఆఖర్న ఫోటోలు పెట్టాలి.

అమ్మానాన్నలకు ఫేస్‌బుక్, కాలేజీలో చేరిన పిల్లలకు ఇన్‌స్టాగ్రామ్ ఓపెన్ చేసి ఇవ్వాల్సినవాళ్లను మనసులో పెట్టుకుని ఇది రాస్తున్నాను. మెనూల పేర్లు అప్‌డేట్ వచ్చినప్పుడల్లా కాస్త అటూ ఇటూ అవుతుంటాయి. ఏదైనా కనబడకపోతే సెట్టింగ్స్ పేజీలో పైన ఉండే సెర్చ్ పెట్టెలో ఆ మాట కొట్టండి, దొరుకుతుంది.

అకౌంటు కన్నా ముందు మెయిల్

సోషల్ మీడియా ఖాతాకు అసలు తాళంచెవి పాస్‌వర్డు కాదు, దాని వెనకున్న మెయిల్. "ఫర్‌గాట్ పాస్‌వర్డ్" నొక్కితే లింకు వెళ్లేది అక్కడికే. ఆ మెయిల్ ఎవరి చేతిలో ఉంటే ఖాతా వాళ్లదే.

మన దగ్గర ఎక్కువగా తేడా వచ్చేది ఇక్కడే. కొత్త ఫోన్ కొన్నప్పుడు షాపులో కుర్రాడే ఒక జీమెయిల్ క్రియేట్ చేసి ఇచ్చేస్తాడు. పాస్‌వర్డు ఏం పెట్టాడో కొన్నవాళ్లకు తెలీదు. రికవరీ నెంబరు దగ్గర ఒక్కోసారి షాపు నెంబరే ఉంటుంది. నెట్ సెంటర్‌లో ఏదో అప్లికేషన్ పెట్టించుకున్నప్పుడు పుట్టిన మెయిల్ కూడా ఇంతే. ఇందులో మోసం ఉండాలని లేదు. పని తొందరగా అయిపోవాలని అలా చేస్తారు. కానీ ఆ మెయిల్ మీద కట్టిన ఖాతా ఏదో ఒకరోజు లాక్ అయితే, తీసే దారి మన దగ్గర ఉండదు.

కాబట్టి ముందు ఫోన్‌లో జీమెయిల్ తెరిచి, గూగుల్ అకౌంట్ సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ పేజీకి వెళ్లండి. రికవరీ ఫోన్, రికవరీ ఈమెయిల్ ఎవరివో చూడండి. "యువర్ డివైసెస్" దగ్గర మీకు తెలియని ఫోన్ గానీ కంప్యూటర్ గానీ ఉంటే అక్కడే సైనవుట్ చేయించండి. పాస్‌వర్డు మార్చండి, టూ స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డుతో పాటు రెండో రుజువు కూడా అడిగే తాళం) పెట్టండి. పాత మెయిల్ మీద నమ్మకం లేకపోతే కొత్తది ఒకటి తెరవండి. సోషల్ మీడియాకు విడిగా ఒక మెయిల్ ఉంటే ఇంకో లాభం ఉంది. బ్యాంకుకూ ఆఫీసుకూ ఇచ్చిన మెయిల్ బయటపడదు, ఆ మెయిల్ తెలిసినవాళ్లు దాన్నిబట్టి మీ ప్రొఫైల్‌ను వెతికి పట్టుకోలేరు కూడా.

యాప్‌ను ప్లేస్టోర్ నుంచో యాప్‌స్టోర్ నుంచో మాత్రమే దించుకోండి. వాట్సాప్‌లో ఎవరో పంపిన ఏపీకే ఫైలు, "స్టోరీలు డౌన్‌లోడ్ అవుతాయి, ఎవరు చూశారో తెలుస్తుంది" అని చెప్పే మార్పుచేసిన యాప్‌లు వద్దు. వాటిలో లాగిన్ అయితే పాస్‌వర్డు వాటి చేతికి వెళ్తుంది.

పేరూ పుట్టినరోజూ: కంపెనీకి నిజం, జనానికి అవసరమైనంతే

చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. కంపెనీకి దొంగ పుట్టినరోజు ఇస్తారు, నిజమైనదేమో బయోలో పెడతారు.

ఫేస్‌బుక్ ఎప్పుడైనా ఖాతా ఆపి గుర్తింపు చూపమంటే, మనం ఇచ్చే కార్డులో పేరూ పుట్టినతేదీ గానీ, పేరూ ఫోటో గానీ ప్రొఫైల్‌తో సరిపోవాలి. ప్రొఫైల్ పేరు "స్వీటీ క్వీన్" అయి, పుట్టిన తేదీ జనవరి 1 అయి ఉంటే ఏ కార్డు చూపించినా లాభం లేదు. పేరు తొందరపడి పెట్టకూడదు అనడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఫేస్‌బుక్‌లో ఒకసారి మార్చాక మళ్లీ 60 రోజుల దాకా మార్చనివ్వదు. మన పేర్లలో ఇంటిపేరు ముందొస్తుంది, ఫారంలో సర్‌నేమ్ వెనక ఉంటుంది. ఏది ఎటు రాసినా ఫర్వాలేదు, అక్షరాలు మాత్రం కార్డులో ఉన్నట్టే ఉండాలి.

పిల్లల విషయంలో పుట్టిన సంవత్సరం మరీ ముఖ్యం. రెండిటిలోనూ 13 ఏళ్లు నిండాలి. 18 లోపు వయసు ఇస్తే ఇన్‌స్టాగ్రామ్ దానంతటదే టీన్ అకౌంట్ చేస్తుంది. ఖాతా ప్రైవేట్‌గా మొదలవుతుంది, తెలియనివాళ్ల మెసేజ్‌లు ఆగుతాయి, 16 లోపు పిల్లలైతే అమ్మానాన్న ఒప్పుకోకుండా ఆ సెట్టింగ్స్ సడలించలేరు. మన దేశంలో ఇది 2025 ఫిబ్రవరి నుంచి అమల్లోకి వచ్చింది. "వయసు ఎక్కువ పెడితే అన్నీ ఓపెన్ అవుతాయి" అని ఫ్రెండ్స్ చెప్పగా విని 1998 అని కొట్టిన పదో తరగతి పిల్లకు ఈ రక్షణ ఒక్కటీ దక్కదు. ఖాతా ఓపెన్ చేసేటప్పుడు పెద్దవాళ్లు పక్కన కూర్చోవాల్సింది ఈ ఒక్క తెర దగ్గరైనా.

ఇక జనానికి చూపించే సంగతి. ఫేస్‌బుక్‌లో తేదీ, నెల ఒక వరసగా, సంవత్సరం ఇంకో వరసగా ఉంటాయి. రెండిటికీ విడివిడిగా ఎవరు చూడాలో పెట్టుకోవచ్చు. సంవత్సరం "ఓన్లీ మీ" పెట్టండి. ఎందుకంత పట్టుదల అంటే, డౌన్‌లోడ్ చేసుకున్న ఈ-ఆధార్ పీడీఎఫ్ పాస్‌వర్డు ఏమిటో గుర్తుచేసుకోండి. పేరులో మొదటి నాలుగు ఇంగ్లీషు అక్షరాలు క్యాపిటల్స్‌లో, పక్కన పుట్టిన సంవత్సరం. మీ ఆధార్ ఫైలు ఏ జిరాక్స్ షాపు కంప్యూటర్ డౌన్‌లోడ్స్‌లోనో ఉండిపోయి ఉంటే, దాన్ని తెరవడానికి కావాల్సిన రెండు ముక్కలూ మీ ప్రొఫైల్ పేజీలోనే దొరుకుతాయి. బ్యాంకులు పంపే స్టేట్‌మెంట్ ఫైళ్లు చాలావాటికి కూడా పేరు, పుట్టినతేదీ కలిపే పాస్‌వర్డు ఉంటుంది.

మనం దాచినా చుట్టాలు బయటపెడతారు. "యాభయ్యో పుట్టినరోజు శుభాకాంక్షలు బావగారూ" అని టైంలైన్ మీద రాస్తే సంవత్సరం చెప్పేసినట్టే. "ప్రొఫైల్ అండ్ ట్యాగింగ్" లోపల "హూ కెన్ పోస్ట్ ఆన్ యువర్ ప్రొఫైల్" దగ్గర "ఓన్లీ మీ" పెడితే ఇది ఆగుతుంది. వాళ్లు వాట్సాప్‌లో చెప్తారు, పోయేదేం లేదు.

యూజర్‌నేమ్‌లో కూడా పుట్టిన సంవత్సరం, ఊరిపేరు, కాలేజీ పేరు పెట్టకండి. ఇన్‌స్టాలో 30 అక్షరాల దాకా పెట్టుకోవచ్చు. అంకెలు తప్పనిసరైతే మీ జీవితంతో సంబంధం లేనివి వాడండి.

పాస్‌వర్డు, రెండో తాళం

పాస్‌వర్డు గురించి ఎక్కువ చెప్పను. దేవుడి పేరు, పిల్లల పేరు, హీరో పేరు, పక్కన 123 పెట్టేవి మొదట ఊహించేవే. ఒకదానితో ఒకటి సంబంధం లేని నాలుగు తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో మీ సొంత స్పెల్లింగుతో రాయండి, మధ్యలో గీతలు పెట్టండి. గోంగూర, రిక్షా, మబ్బు, పన్నెండు లాంటివి. సరిగ్గా ఇవే వాడకండి, ఇక్కడ అచ్చయ్యాయి కదా. జీమెయిల్‌కు ఒకటి, ఫేస్‌బుక్‌కు ఒకటి, ఇన్‌స్టాకు ఒకటి, దేనికది వేరుగా ఉండాలి. గుర్తుండకపోతే ఫోన్‌లోని పాస్‌వర్డ్ మేనేజర్‌లో దాచుకోండి, లేదా చిన్న డైరీలో రాసి ఇంట్లో పెట్టండి. బీరువాలో ఉన్న డైరీకి దొంగ రావాలంటే తలుపు పగలగొట్టాలి. ఒకే పాస్‌వర్డు పదిచోట్ల వాడితే ఎక్కడో ఒక చిన్న వెబ్‌సైటు లీకైనా పదీ పోతాయి.

రెండో తాళం అంటే టూ ఫ్యాక్టర్ అథెంటికేషన్, పాస్‌వర్డు కొట్టాక ఇంకో కోడ్ కూడా అడిగే పద్ధతి. ఇది మాత్రం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే సగం తెలిసి పెట్టుకుంటే మనమే బయట నిలబడిపోతాం.

దారి ఇది: సెట్టింగ్స్, అందులో అకౌంట్స్ సెంటర్ (ఫేస్‌బుక్, ఇన్‌స్టాలకు ఉమ్మడి సెట్టింగ్స్ పేజీ), అందులో "పాస్‌వర్డ్ అండ్ సెక్యూరిటీ", అందులో "టూ ఫ్యాక్టర్ అథెంటికేషన్". అక్కడ అథెంటికేటర్ యాప్, ఎస్సెమ్మెస్, వాట్సాప్ లాంటి పద్ధతులు కనబడతాయి. నా ఓటు అథెంటికేటర్ యాప్‌కే. గూగుల్ అథెంటికేటర్ లాంటిది ఏదైనా దించుకుని, ఇన్‌స్టా చూపించే కీని కాపీ చేసి అందులో పేస్ట్ చేస్తే, 30 సెకన్లకోసారి మారే ఆరంకెల కోడ్ వస్తుంటుంది. ఆ కోడ్ ఒకసారి కొట్టి ఖరారు చెయ్యాలి. ఖరారు చెయ్యకుండా వెనక్కి వస్తే తాళం పడనట్టే, చాలామంది అక్కడ ఆగిపోతారు. కోడ్ కరెక్టుగానే కొట్టినా తప్పంటుంటే ఫోన్ గడియారం చూడండి. డేట్ అండ్ టైమ్‌ను ఆటోమేటిక్‌లో పెట్టాలి. ఈ కోడ్ తయారయ్యేది ఫోన్ టైమును బట్టే. రెండు మూడు నిమిషాల తేడా ఉన్నా కుదరదు.

ఎస్సెమ్మెస్ మీద ఎందుకు అంత నమ్మకం వద్దంటే, నెంబరు మన సొంతం కాదు, అద్దెకున్నట్టే. రీచార్జ్ చెయ్యకుండా వదిలేసి కట్ అయిన నెంబరును 90 రోజులు గడిచాక కంపెనీ ఇంకొకరికి ఇవ్వొచ్చు. ఎమ్మెస్‌కని అమెరికా వెళ్లినవాళ్లు, గల్ఫ్‌లో పనికెళ్లినవాళ్లు దీన్ని గట్టిగా పట్టించుకోవాలి. ఇక్కడి సిమ్ డ్రాయర్‌లో పడుంటుంది, రీచార్జ్ మర్చిపోతారు, ఏడాది తర్వాత ఆ నెంబరుకు వచ్చే ఓటీపీ ఇంకెవరి ఫోన్‌లోనో మోగుతుంది. అథెంటికేటర్‌కు సిమ్ అక్కర్లేదు, సిగ్నల్ కూడా అక్కర్లేదు. అమ్మానాన్నలకు యాప్ కష్టమనిపిస్తే ఎస్సెమ్మెస్సే పెట్టండి, అసలు లేకపోవడం కన్నా వెయ్యిరెట్లు నయం. వాట్సాప్ పద్ధతి ఎంచుకుంటే ముందు వాట్సాప్‌లోనే టూ స్టెప్ వెరిఫికేషన్ పిన్ పెట్టుకోవాలి.

తాళం పడిన వెంటనే అదే పేజీలో "అడిషనల్ మెథడ్స్"లోకి వెళ్లి బ్యాకప్ కోడ్‌లు తీసుకోండి. ఫేస్‌బుక్ వీటినే రికవరీ కోడ్‌లు అంటుంది. ఒక్కోటి ఒక్కసారే పనిచేస్తుంది. ఫోన్ పోయినరోజు ఇవే దిక్కు. కాబట్టి స్క్రీన్‌షాట్ తీసి అదే ఫోన్ గ్యాలరీలో ఉంచడంలో అర్థం లేదు. కాగితం మీద రాసి ఇంటి పత్రాల్లో పెట్టండి. కొత్త ఫోన్ కొన్నప్పుడు అథెంటికేటర్‌లోని ఖాతాలను అందులోకి మార్చుకుని, కోడ్ పనిచేస్తోందని చూశాకే పాత ఫోన్ ఎక్స్‌ఛేంజ్‌కు ఇవ్వాలి. ఆ వరస తప్పి ఖాతా దగ్గర ఇరుక్కునేవాళ్లు చాలామంది.

అదే చోట "లాగిన్ అలర్ట్స్" ఆన్ చెయ్యండి. కొత్త ఫోన్ నుంచి ఎవరు లాగిన్ అయినా మీకు కబురొస్తుంది.

కాంటాక్ట్స్ ఇవ్వొద్దు

అన్నిటికన్నా తొందరగా నొక్కేసేదీ, అన్నిటికన్నా ఆలోచించాల్సిందీ ఈ బటనే. మీ ఫోన్‌బుక్‌లో స్నేహితులతో పాటు గ్యాస్ బాయ్, పాత ఇంటి ఓనరు, ఒకప్పుడు వేధించి వదిలేసిన మనిషి, పిల్లల స్కూల్ ఆటో డ్రైవరు అందరూ ఉంటారు. అప్‌లోడ్ చేస్తే వాళ్లంతా మీకు కనబడటమే కాదు, మీరు వాళ్లకు "పీపుల్ యు మే నో"లో కనబడే అవకాశం పెరుగుతుంది. ఇప్పటికే నొక్కేసి ఉంటే అకౌంట్స్ సెంటర్‌లో "యువర్ ఇన్ఫర్మేషన్ అండ్ పర్మిషన్స్" లోపల "అప్‌లోడ్ కాంటాక్ట్స్" ఆపండి, ఎక్కించినవి తీసేయండి. ఫోన్ సెట్టింగ్స్‌లోనూ ఆ యాప్‌కు కాంటాక్ట్స్ పర్మిషన్ తీసేయండి. లొకేషన్ కూడా ఇవ్వకుండా యాప్ చక్కగా నడుస్తుంది. ఫోటోల పర్మిషన్ అడిగినప్పుడు మొత్తం గ్యాలరీ కాకుండా ఎంచుకున్నవి మాత్రమే ఇవ్వొచ్చు.

ఫోన్ నెంబరుతో వెతకడం అనేది ఉత్త భయం కాదు. 2021 ఏప్రిల్‌లో 53 కోట్ల మందికి పైగా ఫేస్‌బుక్ వాడకందార్ల వివరాలు, ఫోన్ నెంబర్లతో సహా, నెట్‌లో ఉచితంగా బయటపడ్డాయి. ఎవరూ సర్వర్ బద్దలు కొట్టలేదు. కాంటాక్ట్స్ ఎక్కించి స్నేహితుల్ని వెతుక్కునే ఆ సౌకర్యాన్నే పట్టుకుని, కుప్పలు కుప్పలుగా నెంబర్లు వేసి, ఏ నెంబరు ఎవరిదో 2019 సెప్టెంబరు లోపే తోడేశారు. కాబట్టి ఫేస్‌బుక్‌లో "హౌ పీపుల్ ఫైండ్ అండ్ కాంటాక్ట్ యు" తెరిచి, ఫోన్ నెంబరుతో వెతికేది, ఈమెయిల్‌తో వెతికేది రెండూ "ఓన్లీ మీ" చెయ్యండి. సెర్చ్ ఇంజన్లు మీ ప్రొఫైల్‌కు లింకు ఇవ్వొచ్చా అని అడిగేదాన్ని ఆపండి. ఫ్రెండ్ రిక్వెస్ట్ ఎవరు పంపొచ్చు అన్నచోట "ఫ్రెండ్స్ ఆఫ్ ఫ్రెండ్స్" చాలు.

ఫ్రెండ్స్ లిస్టు, లాకు, ప్రైవేటు

అదే పేజీలో "హూ కెన్ సీ యువర్ ఫ్రెండ్స్ లిస్ట్" ఉంటుంది. దాన్ని మొదటి ఫ్రెండ్‌ను చేర్చుకునే ముందే "ఓన్లీ మీ" చెయ్యండి. ఈ ఒక్క సెట్టింగ్ ఎంత పనిచేస్తుందో చూడాలంటే నకిలీ ఖాతా ఎలా పుడుతుందో దగ్గర్నుంచి చూడాలి.

మోసగాడికి మూడే కావాలి: మీ పేరు, మీ ఫోటో, మీ స్నేహితుల జాబితా. పేరు, ఫోటో కాపీ చేసి పది నిమిషాల్లో ఇంకో ఖాతా తెరుస్తాడు. జాబితా చూసి ఒక్కొక్కరికీ రిక్వెస్ట్ పంపుతాడు. "పాత అకౌంట్ పోయింది, ఇది కొత్తది" అంటాడు. ఒప్పుకున్నవాళ్లకు మెసేజ్ వస్తుంది: ఆస్పత్రిలో ఉన్నాను, ఫోన్‌పే చెయ్యి, రేపు ఇచ్చేస్తాను. లేదంటే బాగా నలిగిన ఇంకో కథ: నా ఫ్రెండ్ సీఆర్పీఎఫ్ ఆఫీసరు, బదిలీ అయ్యాడు, ఫ్రిజ్జు, సోఫా, ఏసీ అన్నీ తక్కువకు ఇచ్చేస్తున్నాడు, నీ నెంబరు ఇస్తాను మాట్లాడు. జాబితా కనబడకపోతే అతనికి ఎవరికి పంపాలో తెలీదు, కథ అక్కడే ఆగిపోతుంది. ఒక పరిమితి ఉంది. "ఓన్లీ మీ" పెట్టినా ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్న స్నేహితులు కనబడతారు. అందుకే తెలియని ఒక్క రిక్వెస్ట్ ఒప్పుకున్నా ఆ మేరకు కిటికీ తెరిచినట్టే.

ఫేస్‌బుక్‌లో ప్రొఫైల్ లాక్ అనే సౌకర్యం మన దేశంలో 2020 మేలో వచ్చింది. ప్రొఫైల్ పేజీలో "ఎడిట్ ప్రొఫైల్" పక్కనున్న మూడు చుక్కలు నొక్కితే కనబడుతుంది. లాక్ చేస్తే ప్రొఫైల్ ఫోటో పూర్తి సైజులో, పోస్టులు, స్టోరీలు ఫ్రెండ్స్‌కు మాత్రమే కనబడతాయి. వ్యాపారం కోసం వాడనివాళ్లు తప్పక చెయ్యండి. కానీ లాక్ చేశాం కదా అని పబ్లిక్ పేజీల కింద కామెంట్లు పెడితే అవి అందరికీ కనబడతాయి, లాకు వాటిని కప్పదు. ఇక్కడ ఒక కామెంటు ఊహించుకోండి. ఏదో బ్యాంకు పేజీలో పోస్టు కింద ఒకాయన రాస్తాడు: "నాలుగు రోజులైంది, డబ్బు కట్ అయింది, ఇంకా రీఫండ్ రాలేదు, నా నెంబరు ఫలానా." గంటలోపు ఫోన్ వస్తుంది, కస్టమర్ కేర్ నుంచి అంటారు, ఫిర్యాదు వివరం కూడా సరిగ్గా చెప్తారు. చెప్పరా మరి, ఆయనే రాశాడు కదా. ఫిర్యాదుకు బ్యాంకు సొంత యాప్ గానీ, పాస్‌బుక్ మీదున్న నెంబరు గానీ వాడండి.

ఇన్‌స్టాగ్రామ్‌లో "అకౌంట్ ప్రైవసీ" తెరిచి "ప్రైవేట్ అకౌంట్" ఆన్ చెయ్యండి. ప్రైవేట్ అయినా ప్రొఫైల్ ఫోటో, పేరు, బయో అందరికీ కనబడతాయి. కాబట్టి బయోలో ఫోన్ నెంబరు, కాలేజీ, బ్రాంచి, ఊరు అన్నీ వరసగా రాస్తే ప్రైవేట్ పెట్టిన ఫలం సగం పోతుంది. ఇంకోటి, ఓపెన్ చేసేటప్పుడో తర్వాతో ప్రొఫెషనల్ అకౌంట్‌కు మారమని అడుగుతుంది. ఎంతమంది చూశారో లెక్కలు తెలుస్తాయని చాలామంది నొక్కేస్తారు. ప్రొఫెషనల్ ఖాతా ప్రైవేట్‌గా ఉండటం కుదరదు. చీరల వ్యాపారానికో వంటల రీల్స్‌కో అయితే దానికి వేరే ఖాతా తెరవండి, ఇంటి ఫోటోల ఖాతా వేరుగా ఉండనివ్వండి.

ట్యాగ్‌లు, మెన్షన్‌లు మీరు ఒప్పుకున్నాకే కనబడేట్టు పెట్టుకోవచ్చు. కామెంట్లు, స్టోరీ రిప్లైలు, మెసేజ్ రిక్వెస్టులు ఎవరి నుంచి రావాలో కూడా సెట్టింగ్స్‌లో విడివిడిగా ఉన్నాయి. కొత్త ఖాతాకు అన్నీ మీరు ఫాలో అయ్యేవాళ్లకే పరిమితం చేసి మొదలుపెట్టడం మంచిది. తర్వాత కావాలంటే వదులు చేసుకోవచ్చు.

ఫోటోలో మనుషుల వెనక ఏముందో

పెట్టేముందు ఫోటోను రెండు వేళ్లతో పెద్దది చేసి మూలలు చూడండి. ముఖాలు కాదు, మూలలు. బండి నెంబరు ప్లేటు, గేటు పక్కన అపార్ట్‌మెంటు బోర్డు, పిల్లల మెడలో ఐడీ కార్డు, యూనిఫాం మీద స్కూలు బ్యాడ్జి, టేబుల్ మీద తెరిచి ఉన్న ఆస్పత్రి ఫైలు. గృహప్రవేశం ఫోటోలో గడపా మామిడి తోరణంతో పాటు డోర్ నెంబరు కూడా వస్తుంది.

మన ఇళ్లలో ఎవరూ అనుమానించని కాగితం పెళ్లి శుభలేఖ. ఒక్క కార్డులో ఇరువైపుల ఇంటిపేర్లు, తాతల పేర్లు, తల్లిదండ్రుల పేర్లు, ఇంటి చిరునామా, రెండు మూడు ఫోన్ నెంబర్లు, ఫలానా రోజు ఫలానా ముహూర్తానికి ఇంటిల్లిపాదీ ఫలానా ఫంక్షన్ హాల్లో ఉంటారన్న సమాచారం. బంధువులకు వాట్సాప్‌లో పంపడం వేరు, ఫేస్‌బుక్‌లో పబ్లిక్‌గా పెట్టడం వేరు. పెట్టాలనిపిస్తే దంపతుల పేర్లు, తేదీ ఉన్న ముక్క వరకు కత్తిరించి, ఫ్రెండ్స్‌కు మాత్రమే పెట్టండి. విమానం ఎక్కేముందు బోర్డింగ్ పాస్ ఫోటో కూడా అంతే. పేరు, పీఎన్ఆర్ రెండూ దానిమీద ఉంటాయి, ఆ రెండిటితో బుకింగ్ తెరవొచ్చు. తిరుపతి వెళ్లినా సింగపూర్ వెళ్లినా ఫోటోలు ఇంటికొచ్చాక పెడితే అందం తగ్గదు.

మొదటి వారం

కొత్త ఖాతా నుంచి ఒక్కరోజులో వందమందికి రిక్వెస్టులు పంపడం, ఒకే మెసేజ్ అందరికీ పేస్ట్ చెయ్యడం చేస్తే కంపెనీ సిస్టమ్ దాన్ని యంత్రం చేసే పనిగా లెక్కేసి ఖాతా ఆపేస్తుంది, సెల్ఫీ వీడియో అడుగుతుంది. రోజుకు పదిమంది చాలు. ముందు ఇంట్లోవాళ్లు, ఆ తర్వాత ఫోన్‌లో మాట్లాడి "అది నువ్వేనా" అని అడగగలిగినవాళ్లు.

పాత ఖాతా ఒకటి మర్చిపోయి ఉంటే దాని సంగతి ఇప్పుడే తేల్చండి. మీ ఫోటోతో, మీ పేరుతో, బలహీనమైన పాస్‌వర్డుతో పడి ఉన్న పాత ఖాతా మోసగాడికి సిద్ధంగా ఉన్న సరుకు. డిలీట్ కొట్టాక 30 రోజులు ఆగుతుంది. ఆ లోపు లాగిన్ అయితే డిలీట్ రద్దు చేసుకుంటారా అని అడుగుతుంది, పొరపాటున ఒప్పుకోకండి.

తెలియని ఇన్‌స్టా ఖాతా ఫాలో రిక్వెస్ట్ పంపితే, ఆ ప్రొఫైల్‌లో మూడు చుక్కలు నొక్కి "అబౌట్ దిస్ అకౌంట్" చూడండి. ఎప్పుడు చేరారో తెలుస్తుంది. మీ పదేళ్ల నాటి క్లాస్‌మేట్ అని చెప్పుకునే ఖాతా ఈ నెలలోనే పుట్టి ఉంటే ఇక అడగక్కర్లేదు.

మెసేజ్‌లలో రెండు రకాలకు ఎప్పుడూ జవాబివ్వకండి. ఒకటి, "పొరపాటున నా కోడ్ నీ నెంబరుకొచ్చింది, కాస్త పంపు". అది మీ ఖాతాకే వచ్చిన కోడ్. పంపినవాడు నిజంగా మీ స్నేహితుడి ఖాతా నుంచే రాస్తుండొచ్చు, ఆ ఖాతా అప్పటికే పోయి ఉంటుంది. రెండోది, "మీ పోస్టు కాపీరైట్ ఉల్లంఘన, 24 గంటల్లో ఖాతా పోతుంది, ఈ లింకులో లాగిన్ అవండి". ఇన్‌స్టా ఈ పని మెసేజ్‌లో చెయ్యదు. మెయిల్ వచ్చి నిజమో కాదో అనుమానమైతే అకౌంట్స్ సెంటర్‌లో "రీసెంట్ ఈమెయిల్స్" తెరవండి. కంపెనీ మీకు ఈమధ్య పంపిన మెయిళ్లు అక్కడుంటాయి. అక్కడ లేని మెయిల్‌లోని లింకు ముట్టుకోకండి.

అన్నీ అయ్యాక బయటినుంచి ఒకసారి చూసుకోండి. ఫేస్‌బుక్ ప్రొఫైల్లో మూడు చుక్కల కింద "వ్యూ యాజ్" ఉంటుంది. ఇన్‌స్టాకైతే మిమ్మల్ని ఫాలో అవ్వని బంధువు ఫోన్ తీసుకుని మీ పేరు వెతకండి. పరాయివాడికి ఏం కనబడుతోందో అదే మీ అసలు ప్రొఫైల్.

ఇంత చేసినా మీ పేరుతో ఎవరైనా తెరిస్తే

కంగారులో అందరూ చేసే పని ముందు బ్లాక్ చెయ్యడం. ఆగండి. ముందు ఆ నకిలీ ప్రొఫైల్ లింకు కాపీ చేసి దాచండి. పేరు, ఫోటో వాడు క్షణంలో మార్చేస్తాడు, స్క్రీన్‌షాట్ ఒక్కటే ఉంటే ఏ ఖాతానో పట్టుకోవడం కష్టం. లింకు తర్వాత మెసేజ్‌లు, తేదీ, టైము కనబడేలా స్క్రీన్‌షాట్లు. ఆ తర్వాత మూడు చుక్కలు, రిపోర్ట్, "ఇంకొకరిలా నటిస్తున్నారు" అన్న అర్థమొచ్చే ఎంపిక, "నాలా". ఇన్‌స్టాగ్రామ్ ఇలాంటి ఫిర్యాదుల్లో ఎవరి పేరు వాడారో వాళ్లకు గానీ వాళ్ల తరఫు మనిషికి గానీ మాత్రమే స్పందిస్తుంది. యాభైమంది స్నేహితుల చేత రిపోర్ట్ కొట్టించడం కన్నా మీ ఒక్క ఫిర్యాదు గుర్తింపు కార్డుతో సహా వెళ్లడం మేలు. ఇన్‌స్టాలో ఖాతా లేనివాళ్లు కూడా వెబ్ ఫారం ద్వారా ఫిర్యాదు చెయ్యొచ్చు.

వ్యక్తిగత ఫోటోలు బయటపెడతామని బెదిరిస్తే డబ్బు పంపకండి, పంపితే మళ్లీ అడుగుతారు. స్టాప్ ఎన్‌సీఐఐ డాట్ ఓఆర్‌జీ అనే సైటులో ఆ ఫోటోకు వేలిముద్ర లాంటి ఒక కోడ్ మీ ఫోన్‌లోనే తయారవుతుంది. ఫోటో ఎక్కడికీ వెళ్లదు, కోడ్ మాత్రమే వెళ్తుంది. దాన్నిబట్టి ఫేస్‌బుక్, ఇన్‌స్టా లాంటివి ఆ ఫోటో ఎక్కకుండా అడ్డుకుంటాయి. 18 లోపు పిల్లలకైతే ఇదే పని "టేక్ ఇట్ డౌన్" అనే సేవ చేస్తుంది. పిల్లల్ని తిట్టే పని ఆ రోజు పెట్టుకోవద్దు, వాళ్లు మనకు చెప్పడమే పెద్ద పని.

డబ్బు పోతే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఇంకో ఖాతాకు దాటకముందే ఆపే అవకాశం అంత ఎక్కువ. యూపీఐ యాప్‌లో ఆ లావాదేవీ తెరిచి 12 అంకెల యూటీఆర్ నెంబరు ముందే రాసిపెట్టుకోండి, అడుగుతారు. తర్వాత సైబర్‌క్రైమ్ డాట్ జీఓవీ డాట్ ఇన్‌లో రాతపూర్వకంగా నమోదు చేసి, అక్నాలెడ్జ్‌మెంట్ నెంబరు ఉంచుకోండి. ఇంకొకరిలా నటించి మోసం చెయ్యడం ఐటీ చట్టం 66డి కింద నేరం, మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా ఉంది. స్టేషన్‌లో ఫిర్యాదు రాసేటప్పుడు ఆ సెక్షన్ పేరు, ప్రొఫైల్ లింకు, యూటీఆర్ మూడూ మొదటి పేరాలోనే రాయండి. వివరణ తర్వాత రాయొచ్చు. అన్నీ అందాకే ఆ ఖాతాను బ్లాక్ చెయ్యండి.